ప్రతి కట్టడానికీ ఓ గండం

భూకంపం ఎంత పెద్దదో తెలిస్తే సరిపోదు, అది ఏ లయలో ఊపుతుందో కూడా తెలియాలి. ఒక భవనాన్ని కూల్చగల కుదుపు ఏదో ముందుగానే లెక్కగట్టే విద్యకు అర శతాబ్దం నిండింది. ఆకాశహర్మ్యాల బాట పట్టిన భారత నగరాలకు ఇప్పుడు దాని అవసరం ముంచుకొచ్చింది.

2025 మార్చి 28 మధ్యాహ్నం బ్యాంకాక్‌లో జనం తలెత్తి చూస్తే ఆకాశం నుంచి జలపాతాలు దూకుతున్నాయి. ఎత్తైన హోటళ్లు, అపార్ట్‌మెంట్ల పైకప్పుల మీది ఈతకొలనుల్లో నీళ్లు అటూ ఇటూ ఊగి, అంచులు దాటి వీధుల్లోకి పడుతున్నాయి. చతుచక్ ప్రాంతంలో నిర్మాణంలో ఉన్న ప్రభుత్వ ఆడిట్ కార్యాలయ భవనం, 30 అంతస్తులకు పైగా ఎత్తున్నది, చూస్తుండగానే కుప్పకూలింది. సుమారు 90 మంది ప్రాణాలు పోయాయి. అదే నగరంలోని లక్షలాది చిన్న ఇళ్లకు మాత్రం పెద్దగా ఏమీ కాలేదు.

భూకంప కేంద్రం మయన్మార్‌లోని మాండలే దగ్గర ఉంది. బ్యాంకాక్ అక్కడికి దాదాపు 1,000 కిలోమీటర్ల దూరం. జైపూర్‌లో భూమి కంపిస్తే హైదరాబాద్‌లో భవనం కూలినట్టన్నమాట. కూలిన భవనంలో డిజైన్, నిర్మాణ లోపాలు ఉన్నాయని ఆ తర్వాతి దర్యాప్తు వేలెత్తి చూపింది. అది నిజమే కావచ్చు. కానీ అంత దూరం నుంచి వచ్చిన కుదుపు చిన్న ఇళ్లను వదిలేసి ఎత్తైన భవనాలనే ఎందుకు పట్టుకుని ఊపిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆ జవాబు కోసం వెతికే శాస్త్రానికి ఇంజనీర్లు పెట్టుకున్న పేరు 'క్రిటికల్ ఎక్సైటేషన్'. ఫలానా కట్టడానికి అన్నిటికంటే ప్రమాదకరమైన కుదుపు ఏదో కనిపెట్టడం దాని పని. జాతకం చూసి ఒకరికి నీటి గండం, మరొకరికి అగ్ని గండం అని చెప్పడం మన ఊళ్లలో మామూలే. ఇక్కడ జాతకం బదులు గణితం ఉంటుంది, మనిషి బదులు భవనం ఉంటుంది.

ఉయ్యాల చెప్పే సంగతి

అట్లతద్దినాడు ఉయ్యాల ఊపిన వారెవరికైనా ఇందులోని కీలకం తెలిసిందే. ఉయ్యాలను ఎంత బలంగా నెట్టామన్నది కాదు, ఎప్పుడు నెట్టామన్నది ముఖ్యం. అది వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు మళ్లే క్షణంలో చిన్నపిల్ల నెట్టినా ప్రతి ఊపుకీ పైకి లేస్తుంది. వేళ తప్పి నెడితే వస్తాదు నెట్టినా ఉన్న ఊపు కాస్తా పోతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని అనునాదం అంటారు.

భవనాలూ ఉయ్యాలల్లాంటివే. ప్రతి దానికీ తనదైన ఊపు కాలం ఒకటుంటుంది. మోటుగా లెక్కేస్తే అంతస్తుకు సెకనులో పదో వంతు. రెండంతస్తుల ఇల్లు ఒకసారి ఊగి తిరిగి రావడానికి సెకనులో అయిదో వంతు పడితే, పదంతస్తుల భవనానికి సుమారు ఒక సెకను, 50 అంతస్తుల టవర్‌కు అయిదారు సెకన్లు పడుతుంది. నేల కూడా ఇదే లయలో కదిలితే భవనం ఊపు అంతకంతకూ పెరిగిపోతుంది. ఊపును చల్లార్చే గుణం, అంటే డాంపింగ్, ఎంత తక్కువగా ఉంటే ఈ పెరుగుదల అంత ఎక్కువ. డాంపింగ్ 5 శాతం ఉన్న కట్టడాన్ని దాని లయలోనే ఊపుతూ పోతే కదలిక పది రెట్లవుతుంది. 1 శాతమే ఉంటే 50 రెట్లు. ఎత్తు పెరిగేకొద్దీ సాధారణంగా ఈ గుణం తగ్గుతూ వస్తుంది.

ఇక నేల సంగతి. భూకంపం పుట్టినచోట వేగవంతమైన కుదుపులు, నెమ్మది కుదుపులు కలగలిసి ఉంటాయి. దూరం వెళ్లేకొద్దీ వేగవంతమైనవి రాతిలోనే ఇంకిపోతాయి, నెమ్మదివి మాత్రం వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. దారిలో మెత్తటి బంకమట్టి, ఒండ్రుమట్టి పొరలు తగిలితే మరింత పెద్దవవుతాయి. బ్యాంకాక్ కింద ఉన్నది అలాంటి మెత్తటి మట్టే. అందుకే వెయ్యి కిలోమీటర్ల అవతల పుట్టిన కంపం చిన్న ఇంటికి అంతగా తగలకపోయినా, పెద్ద భవనానికి పెనుగండంలా పరిణమించింది.

దీనికి తిరుగులేని సాక్ష్యం మెక్సికో సిటీ. 1985 సెప్టెంబరు 19న 8.0 తీవ్రతతో వచ్చిన భూకంపం పసిఫిక్ తీరంలో పుట్టింది. నగరం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. ఒకప్పటి సరస్సును పూడ్చి కట్టిన ప్రాంతంలో నేల కదలిక పక్కనే ఉన్న రాతినేల కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువగా నమోదైంది. అదీ రెండు సెకన్లకో ఊపు చొప్పున. ఆరు నుంచి 15 అంతస్తుల దాకా ఉన్న భవనాలు వందల్లో దెబ్బతిన్నాయి, వేలాది మంది చనిపోయారు. ఆ పక్కనే 44 అంతస్తుల లాటినో అమెరికానా టవర్ చెక్కుచెదరకుండా నిలబడింది. దాని లయ వేరు.

సరిగ్గా 32 ఏళ్ల తర్వాత, 2017లో అదే సెప్టెంబరు 19న ఆ నగరాన్ని మరో భూకంపం కుదిపింది. తీవ్రత 7.1 మాత్రమే, కానీ ఈసారి కేంద్రం నగరానికి చేరువలో ఉంది. కుదుపుల లయ వేగంగా ఉంది. ఎక్కువగా కూలినవి పదంతస్తుల లోపు భవనాలు. నగరంలో 228 మంది చనిపోయారు. నగరం ఒకటే, నేల ఒకటే, తేదీ కూడా ఒకటే. గండం మాత్రం వేరే భవనాలది.

వెనక్కి తిప్పిన రీలు

భూకంపాలను తట్టుకునే కట్టడాల రూపకల్పన చాలాకాలం గతాన్ని నమ్ముకుని నడిచింది. 1940 మే 18న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఎల్ సెంట్రో పట్టణంలో నమోదైన భూకంపపు రికార్డు దశాబ్దాలపాటు ప్రపంచమంతటికీ కొలమానమైంది. ఎక్కడో ఒకచోట ఒకసారి వచ్చిన కుదుపును కాగితం మీద భవనానికి ఇచ్చి, తట్టుకుంటుందా లేదా అని లెక్కచూడటమే పద్ధతి. వచ్చే భూకంపం పోయిన భూకంపంలా ఉంటుందన్న హామీ ఎవరిచ్చారని అడిగినవారు తక్కువ.

1970లో రుడాల్ఫ్ డ్రెనిక్ ఆ ప్రశ్నను తలకిందులు చేసి అడిగారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో పనిచేసిన డ్రెనిక్ భూకంప నిపుణుడేమీ కారు. యంత్ర వ్యవస్థలు ఎప్పుడు, ఎలా చెడిపోతాయన్న గణితం ఆయన విద్య. రేపు ఎలాంటి భూకంపం వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని ఊహించడం మానేసి, భవనాన్నే అడుగుదామని ఆయన ప్రతిపాదించారు. నేల కదలికలో ఉండగల మొత్తం శక్తికి ఒక హద్దు పెట్టుకోవాలి. ఆ హద్దుకు లోబడిన లెక్కలేనన్ని కుదుపుల్లో ఈ భవనాన్ని అన్నిటికంటే ఎక్కువగా ఊపేది ఏదన్నదే ఆయన ప్రశ్న.

దొరికిన జవాబు ఆశ్చర్యపోయేంత సరళంగా ఉంది. భవనాన్ని ఒకే ఒక్కసారి గట్టిగా కొట్టండి. అది మొదట బాగా ఊగి, క్రమంగా నెమ్మదిస్తూ ఆగిపోతుంది. ఆ ఊపును వీడియో తీసి వెనక్కి తిప్పండి. చిన్న కదలికతో మొదలై, భవనం సొంత లయలోనే పెరుగుతూ పెరుగుతూ చివర్లో పతాక స్థాయికి చేరే కదలిక కనిపిస్తుంది. ఆ భవనానికి అదే అత్యంత ప్రమాదకరమైన భూకంపం. అంతే శక్తి ఉన్న మరే కుదుపూ దాన్ని అంతకంటే ఎక్కువ ఊపలేదు. దీని రుజువుకు కోషీ-ష్వార్జ్ అసమానత చాలు, డిగ్రీ గణిత విద్యార్థులకు పరిచయమైన సూత్రమే.

అంటే ప్రతి భవనం తన గండాన్ని తనలోనే మోస్తోంది. దాని ఎత్తు, బరువు, స్తంభాల బిగువు కలిసి ఆ కుదుపు రూపాన్ని ముందే నిర్ణయించేశాయి. అలాంటి కుదుపు వస్తుందా, రాదా అన్నదే మిగిలిన ప్రశ్న.

విమర్శ కూడా వెంటనే వచ్చింది. భవనం మీద పగబట్టినట్టు, సరిగ్గా దాని లయను పట్టుకుని వచ్చే భూకంపం ప్రకృతిలో ఉంటుందా? అలాంటి ఊహకు తగ్గట్టు కడితే స్తంభాలు కోట గోడలంత లావుగా పెట్టాల్సి వస్తుంది, ఖర్చు ఎవరూ భరించలేరు. డ్రెనిక్ లెక్కలో తప్పు లేదు, కానీ ఆయన ఊహించిన శత్రువు మరీ తెలివైనవాడు. కాబట్టి తర్వాతి తరం పరిశోధన ఆ శత్రువుకు పగ్గాలు వేయడం మీద సాగింది. అదే 1970లో మసనోబు షినోజుకా నేల కదలికలో ఏ లయకు ఎంత బలం ఉండవచ్చో దానికీ హద్దు పెట్టి, లెక్కను మరింత వాస్తవానికి దగ్గర చేశారు.

బెంగళూరు నుంచి క్యోటో దాకా

ఈ కథలో భారత శాస్త్రవేత్తల పాత్ర బయట పెద్దగా తెలియదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఆర్.ఎన్. అయ్యంగార్ 1970ల తొలినాళ్లలోనే ఈ సమస్యను చేపట్టారు. 1987లో ఆయన, సి.ఎస్. మనోహర్ కలిసి ఎప్పటికప్పుడు స్వభావం మార్చుకునే భూకంప కదలికలకు ఈ పద్ధతిని అన్వయించారు. 1990లలో మనోహర్, అభిజిత్ సర్కార్ మరో అడుగు వేశారు. అసలైన భూకంపంలో ఎంతో కొంత అడ్డదిడ్డం ఉంటుంది, ఒకే లయలో తాళం వేసినట్టు సాగదు. ఆ గందరగోళాన్ని కూడా షరతుగా పెట్టి, అందుకు లోబడిన వాటిలో అత్యంత ప్రమాదకరమైన కదలికను వెతకడం వారి పరిశోధనలోని విశేషం. వంతెనలు, పైపులైన్ల వంటి, ఒక్కో కాలు ఒక్కో చోట ఆనే కట్టడాలకూ వారు ఈ లెక్కలు కట్టారు. తర్వాతి కాలంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా కూడా పనిచేసిన అయ్యంగార్ దేశానికి సరికొత్త భూకంప ప్రమాద పటం తయారీలోనూ కీలక పాత్ర పోషించారు.

ఈ శాస్త్రాన్ని ఇంజనీర్ల బల్ల మీదికి తెచ్చిన ఘనత మాత్రం క్యోటో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన ఇజురు టకేవాకీది. 2006లో వెలువడిన ఆయన పుస్తకం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం. జపాన్‌లో ఈ ఆసక్తికి కారణముంది. ప్రపంచంలో భూకంపాలకు అంత సిద్ధంగా ఉన్న దేశం మరొకటి లేదు. అయినా ప్రతి పెద్ద భూకంపం అక్కడి ఇంజనీర్లకు కొత్త పాఠమే చెప్పింది. 1995 జనవరి 17న కోబేలో పగులు పక్కనే పుట్టే ఒకే ఒక్క పెద్ద తోపు ఎంత పని చేస్తుందో తెలిసింది. 2003 సెప్టెంబరులో హొక్కైడో తీరంలో వచ్చిన భూకంపానికి దూరాన ఉన్న తొమకొమాయ్‌లో చమురు ట్యాంకుల్లోని ద్రవం నెమ్మది లయలో ఊగి ఊగి మంటలు రేగాయి. 2007లో కషివజాకి-కరివా అణు విద్యుత్ కేంద్రం దగ్గర ఒకటో యూనిట్ డిజైన్ అంచనా 273 గాల్ కాగా నమోదైన కదలిక 680 గాల్. గతాన్ని ఎంత శ్రద్ధగా చదివినా భవిష్యత్తు పుస్తకంలో లేని ప్రశ్న అడుగుతూనే ఉంది.

ఒసాకా పాఠం

ఆ ప్రశ్నల్లో అన్నిటికంటే కలవరపెట్టేది 2011 మార్చి 11న ఎదురైంది. 9.0 తీవ్రతతో వచ్చిన తొహోకు భూకంపం, సునామీ, ఫుకుషిమా ప్రమాదాల హోరులో ఒసాకా కథ ఎవరికీ పట్టలేదు. భూకంప కేంద్రానికి సుమారు 770 కిలోమీటర్ల దూరంలోని ఒసాకాలో నేల కదలిక జపాన్ కొలమానంలో 3 స్థాయి మాత్రమే. బల్ల మీద గిన్నెలు గలగలమనే స్థాయి అది. కానీ అక్కడి తీరాన సముద్రాన్ని పూడ్చిన నేల మీద నిలిచిన 256 మీటర్ల సకిషిమా భవనం పది నిమిషాలపాటు ఊగింది. పై అంతస్తులు ఒక్కో వైపుకు 137 సెంటీమీటర్ల దాకా జరిగాయి. 360 చోట్ల లోపలి గోడలు, పైకప్పు పలకలు దెబ్బతిన్నాయి. లిఫ్టుల్లో మనుషులు చిక్కుకున్నారు.

1995లో పూర్తయిన ఈ 55 అంతస్తుల భవనం ఊపు కాలం సుమారు ఆరున్నర సెకన్లు. దాని కింది నేల లయ కూడా ఇంచుమించు అంతే. పది నిమిషాల్లో 90కి పైగా ఊపులు. ప్రతి ఊపునూ నేల సరైన వేళకు నెట్టింది. డ్రెనిక్ 1970లో కాగితం మీద గీసిన, జరగదని చాలామంది కొట్టిపారేసిన పరిస్థితికి ఇంత దగ్గరగా వచ్చిన ఉదాహరణలు తక్కువే. టకేవాకీ బృందం అదే ఏడాది ఈ భవనం మీద సవివరమైన పరిశీలన ప్రచురించింది. నేలకు, భవనానికి లయ కలవడమే ఇంత ఊపుకు మూలమని అందులో విశ్లేషించింది.

దీనికి రాజకీయ పర్యవసానం కూడా ఉంది. ఒసాకా రాష్ట్ర ప్రభుత్వం ఈ భవనాన్ని 2010లోనే కొనేసింది. సచివాలయం మొత్తాన్ని అందులోకి తరలించాలన్నది అప్పటి గవర్నర్ తోరు హషిమోతో పంతం. భూకంపం తర్వాత, 2011 ఆగస్టులో ఆయన ఆ ఆలోచనను విరమించుకోవాల్సి వచ్చింది. విపత్తు వేళ జనాన్ని ఆదుకోవాల్సిన కార్యాలయం తానే ఊగుతూ కూర్చుంటే ఎలా?

కొత్త పాఠాలు అక్కడితో ఆగలేదు. 2016 ఏప్రిల్‌లో కుమమోతో జిల్లా మషికి పట్టణాన్ని 28 గంటల వ్యవధిలో రెండుసార్లు జపాన్ కొలమానంలో అత్యధికమైన 7 స్థాయి కుదుపు తాకింది. మొదటి దెబ్బకు నిలిచిన ఇళ్లు కొన్ని రెండోదానికి కూలాయి. పగుళ్లిచ్చాక భవనం లయ మారిపోతుంది, దాంతోపాటే దాని గండమూ మారుతుంది. ఒకటి తర్వాత ఒకటిగా వచ్చే రెండు తోపుల్లో రెండోది ఏ క్షణాన పడితే నష్టం అత్యధికమన్న దానిపై టకేవాకీ, కొజిమా అప్పటికే పరిశోధన చేసి ఉన్నారు.

అహ్మదాబాద్ మరిచిన పాఠం

ఇదంతా జపాన్, మెక్సికోల గొడవ అనుకోవడానికి లేదు. 2001 జనవరి 26 ఉదయం 8.46కు గుజరాత్‌లోని కచ్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు డజన్ల కొద్దీ కూలాయి. ఆ ఒక్క నగరంలోనే సుమారు 750 మంది చనిపోయారు. నగరంలోని పాస్‌పోర్టు కార్యాలయ భవనంలో ఉన్న పరికరం నమోదు చేసిన నేల త్వరణం గురుత్వ త్వరణంలో దాదాపు 10 శాతమే. ఇంజనీర్ల లెక్కలో అది భీకరమైన కుదుపేమీ కాదు. పాతబస్తీలో వందేళ్లకు పైబడిన 'పోల్' ఇళ్లు చాలావరకు నిలిచాయి. కూలిన వాటిలో ఎక్కువ భాగం కొత్తగా వెలసిన అయిదంతస్తుల, పదకొండంతస్తుల కాంక్రీటు అపార్ట్‌మెంట్లు.

కారణాలు రెండు కలిశాయి. ఒకటి, సబర్మతి ఒండ్రు నేల దూరం నుంచి వచ్చిన నెమ్మది కుదుపులను పెంచి పంపింది. రెండు, కారు పార్కింగు కోసం కింది అంతస్తులో గోడలు లేకుండా ఒట్టి స్తంభాల మీద నిలబెట్టిన భవనాలు సన్న కాళ్ల మీద బరువైన గాదెల్లా తయారయ్యాయి. కుదుపు భారమంతా ఆ ఒక్క అంతస్తు మీదే పడింది. 2017లో మెక్సికోలో కూలిన భవనాల్లోనూ చాలా వాటికి ఇదే జబ్బు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఏ కాలనీకి వెళ్లినా కనిపించే స్టిల్ట్ పార్కింగు అపార్ట్‌మెంట్లు సరిగ్గా ఈ తరహావే.

ఇక ఉత్తరాదిలో పొంచి ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది. హిమాలయాల్లో 1905లో కాంగ్రా, 1934లో బిహార్-నేపాల్, 1950లో అస్సాం భూకంపాలు వచ్చినప్పుడు గంగా మైదానంలో 30 అంతస్తుల భవనం ఒక్కటీ లేదు. ఇప్పుడు నోయిడా, గురుగ్రామ్‌లలో వాటికి లెక్కలేదు. మైదానం కింద కిలోమీటర్ల కొద్దీ ఒండ్రు పొరలున్నాయి. హిమాలయ పాదాల నుంచి ఢిల్లీ 200-300 కిలోమీటర్ల దూరంలో ఉంది. మెక్సికో సిటీ తన భూకంపానికి ఉన్నంత దూరం కూడా కాదు. ఢిల్లీ నేల మెక్సికో సరస్సు మట్టి అంత మెత్తన కాదన్న మాట నిజమే. కానీ 2015 ఏప్రిల్ 25న నేపాల్‌ను 7.8 తీవ్రతతో కుదిపిన గోర్ఖా భూకంపం ఒక హెచ్చరిక చేసి వెళ్లింది. దేశవ్యాప్తంగా దాదాపు 9 వేల మంది చనిపోయినా, కఠ్మాండూ లోయలో నేల నాలుగైదు సెకన్ల నెమ్మది లయలో ఊగడంతో భయపడినంతగా చిన్న ఇళ్లు కూలలేదు. ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనాల్లో కొన్ని మాత్రం పగుళ్లతో నివాసయోగ్యం కాకుండా పోయాయి. కఠ్మాండూలో 50 అంతస్తుల టవర్లు ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి కొంత మెరుగు. హైదరాబాద్ కింద ఉన్నది గట్టి గ్రానైటు. అది కుదుపులను పెంచదు. అయితే 'నిశ్చలం' అనుకున్న దక్కన్‌లోనే 1967లో కొయనా, 1993లో లాతూర్ భూకంపాలు వచ్చాయి. అప్పటి పటం ప్రకారం లాతూర్ అతి తక్కువ ముప్పున్న మండలంలో ఉంది. అక్కడ దాదాపు 8 వేల మంది చనిపోయారు. 1969లో భద్రాచలం ప్రాంతం కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనాన్ని ఇళ్ల నుంచి బయటికి పరుగులు తీయించింది. విజయవాడ, అమరావతి పరిసరాల్లో కృష్ణా ఒండ్రు నేల ఉంది. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయి. రాతి మీది టవర్‌కూ, ఒండ్రు మీది అపార్ట్‌మెంటుకూ గండం ఒకటే కాదు. ఒకే పటం చూసి రెండింటికీ ఒకే భరోసా ఇవ్వడం కుదరదు.

ఖర్చు ఎవరిది, నిర్ణయం ఎవరిది?

భారత ప్రమాణాలు నిద్రపోయాయనడం అన్యాయం. భుజ్ తర్వాత 2002లో భూకంప కోడ్‌ను సవరించారు, అతి తక్కువ ముప్పున్న మండలాన్ని రద్దు చేశారు. 2016లో మరోసారి మార్చారు. 50 నుంచి 250 మీటర్ల దాకా ఎత్తున్న కాంక్రీటు భవనాలకు 2017లో ప్రత్యేక ప్రమాణాలు వచ్చాయి. కానీ కోడ్ అనేది సగటు భవనానికి, సగటు నేలకు రాసిన కనీస నిబంధన. దాన్ని పాటించడమంటే పరీక్షలో పాస్ మార్కులు తెచ్చుకోవడమే. ఈ భవనాన్ని, ఈ నేల మీద కూల్చగల కుదుపు ఏదన్న ప్రశ్న కోడ్ అడగదు.

ఆ ప్రశ్న అడగడానికి భారీ ఖర్చేమీ అక్కర్లేదు. గాలికి, వాహనాల రాకపోకలకు భవనంలో కలిగే సన్నటి కంపనాలను పట్టే పరికరాలతో దాని ఊపు కాలం గంటల్లో తెలుసుకోవచ్చు. కింది నేల లయను కూడా అదే విధంగా కొలవచ్చు. రెండూ దగ్గరగా ఉన్నాయంటే అది ప్రమాద ఘంటిక. ఆ తర్వాత క్రిటికల్ ఎక్సైటేషన్ లెక్కలు వేస్తే ఏ అంతస్తు ముందు దెబ్బతింటుందో, ఎంతవరకు తట్టుకుంటుందో బయటపడుతుంది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ఐటీలో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అదే నగరంలో 1961 నుంచి పనిచేస్తోంది. విద్య ఉంది, మనుషులున్నారు. అడిగేవారు లేరు.

చికిత్సలూ ఉన్నాయి. తైవాన్‌లోని తైపీ 101 భవనం పైభాగంలో వేలాడే 660 టన్నుల ఉక్కు గోళం ఊపును తనలోకి లాక్కుంటుంది, ముఖ్యంగా గాలి వేళ. ఒసాకా భవనానికీ తర్వాత డాంపర్లు అమర్చారు. భూకంపంలో కూలిన భుజ్ జిల్లా ఆస్పత్రిని న్యూజిలాండ్‌లో పుట్టిన సీసం-రబ్బరు బేరింగుల మీద తిరిగి కట్టారు. అయితే ఇక్కడే క్రిటికల్ ఎక్సైటేషన్ విలువైన జాగ్రత్త ఒకటి చెబుతుంది. బేరింగులు భవనం లయను నెమ్మది చేసి వేగవంతమైన కుదుపుల నుంచి కాపాడతాయి. అంటే దాని గండం పోలేదు, నెమ్మది కుదుపుల వైపు జరిగింది. ఒక ప్రమాదానికి వేసిన మందు మరో ప్రమాదానికి తలుపు తీస్తోందా అని చూడటం కూడా ఈ శాస్త్రం పనే.

ప్రతి ఇంటినీ అత్యంత దారుణమైన ఊహకు తగ్గట్టు కట్టాలని ఎవరూ అనరు. అలా కడితే సామాన్యుడు ఇల్లు కొనలేడు. ఎంత ప్రమాదాన్ని భరించవచ్చు, ఎంత ఖర్చు పెట్టవచ్చు అన్నది చివరికి ఇంజనీరు తేల్చే విషయం కాదు, సమాజం తేల్చుకోవాల్సింది. కానీ ఆ బేరం కళ్లు తెరిచి చేయాలి. ఆస్పత్రులు, పాఠశాలలు, ఆనకట్టలు, అణు కేంద్రాలు, వందల కుటుంబాలు కాపురముండే టవర్ల విషయంలోనైనా అనుమతి ఇచ్చే ముందు ఈ లెక్క అడగవచ్చు. ఫ్లాటు కొనేవారికి భవనం దిక్కు, వాస్తు, క్లబ్‌హౌస్ వివరాలన్నీ చెబుతున్నారు. అది ఎన్ని సెకన్లకోసారి ఊగుతుందో, కింది నేల ఏ లయలో ఊగుతుందో ఆ రెండు అంకెలు ఏ బ్రోచర్‌లోనూ కనిపించవు.

బ్యాంకాక్‌లో ఆ మధ్యాహ్నం పైకప్పు కొలనుల్లోని నీళ్లు ఆ అంకెలను అందరి కళ్ల ముందే ఊగి చూపించాయి. భారత నగరాల్లో ఇప్పుడు అలాంటి కొలనులకు కొదవ లేదు. వాటిలోని నీళ్లు చెప్పేదాకా ఆగాలా, ముందే అడిగి తెలుసుకోవాలా అన్నదే తేల్చుకోవాల్సింది.